కొబ్బరి చిప్పల నిప్పు

మా రైల్వే కాలనీలోని తెలుగు ఆడవాళ్ళు తమ ఇళ్ళలో చేసుకునే పిండివంటలన్నీ ఒక పుస్తకంగా రాయించాలనుకున్నారు. పిల్లలు ఇంట్లో కూడా హిందీలోకి జారిపోతున్నారు, కనీసం ఈ వంటలైనా తెలుగులో మిగలాలని వాళ్ళ ఆలోచన. నా దగ్గరికి వచ్చి, మీ దసరా రొట్టె ఎలా చేస్తారో రాసివ్వండి, దాని గురించి పైన రెండు ముక్కలు కూడా రాయండి అని అడిగారు. రొట్టె విధానం అరగంటలో రాసిచ్చేశాను. ఆ రెండు ముక్కలు మాత్రం నాలుగు నెలలైనా రాయలేకపోయాను. ఇది మా అమ్మ నేర్పిన రొట్టె అని రాస్తే అబద్ధం కాదు. కానీ ఆ రొట్టె వల్ల ఒక మనిషి మా ఇంట్లోంచి వెళ్ళిపోయిందని, ఆమెను వెళ్ళగొట్టింది నేనని తెలిసినవాళ్ళు ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. నేను కూడా పోతే రొట్టె ఒక్కటే మిగులుతుంది. అందరూ బాగుందని తింటారు. అందుకని రెండు ముక్కలకు బదులు ఇది రాస్తున్నాను.

మా తాత విజయనగరం వైపు నుంచి మట్టిపనికి వచ్చి, పట్టాలతోపాటే బిలాస్‌పూర్ చేరాడు. మా నాన్న ఇక్కడే పుట్టి లోకో షెడ్డులో ఫిట్టరయ్యాడు. ఇంట్లో తెలుగు, షెడ్డులో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాడు గాని, ఇంజను నంబర్లూ తన సంతకమూ తప్ప ఏ భాషా చదవలేడు. మా ఇంట్లో చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ తనకు వచ్చిన కాసిన్ని అక్షరాలే బియ్యప్పిండిలో వేలితో రాయిస్తే వాటితో మొదలుపెట్టి, స్టేషను బోర్డులు చూసి హిందీ, ఇంగ్లీషు అక్షరాలు నా అంతట నేనే పట్టుకున్నాను. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఒక బీరువాలో తెలుగు పుస్తకాలుండేవి. ఆడపిల్లలను లోపలికి రానివ్వరు. వెనక మెట్ల మీద కూర్చుంటే అక్కడి అటెండరు కిటికీలోంచి ఒక్కో పుస్తకం అందించేవాడు. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆ బీరువా మొత్తం చదివేశాను. నచ్చిన మాటలు, వాటి అర్థాలు ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకునేదాన్ని. కాలనీలో ఎవరికి ఉత్తరం వచ్చినా నన్నే పిలిచి చదివించుకునేవాళ్ళు. నా ఎదుట చాపలు వేసి, మంచినీళ్ళిచ్చి, పెద్దవాళ్ళు నోరు మూసుకుని వినేవాళ్ళు. అది నాకు బాగా తలకెక్కింది.

ఇక రొట్టె. దసరాకు షెడ్డులో ఆయుధపూజ చేస్తారు. ఇంజనుకు పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కట్టి, ముందు మా ఇంటి రొట్టె నైవేద్యం పెట్టేవాళ్ళు. తర్వాత దాన్ని కోసి డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, తలా ఒక ముక్క తినేవాళ్ళు. మా నాయనమ్మ కాలం నుంచీ అదే పద్ధతి. నానబెట్టి ఆరబెట్టి విసిరిన బియ్యపు రవ్వ, బెల్లం పాకం, కొబ్బరికోరు, కొబ్బరిపాలు కలిపి, మందపాటి ఇత్తడి గిన్నెలో నెయ్యి రాసి, అడుగున మోదుగాకు పరిచి పోస్తారు. ఊళ్ళో అయితే అరిటాకు వేసేవాళ్ళట. పైన మట్టి మూకుడు బోర్లిస్తారు. గిన్నె కింద నిప్పు, మూకుడు మీద నిప్పు. రెండు నిప్పుల మధ్య గంటన్నర కాలితే కిందా పైనా ఎర్రగా, లోపల మెత్తగా వస్తుంది.

ఇందులో ఒక్కటే మెలిక ఉంది. కింద నిప్పుకు షెడ్డు నుంచి తెచ్చే బొగ్గు చాలు. మా క్వార్టర్లలో అందరి సిగిడీలూ, అంటే బొగ్గు కుంపట్లు, దానితోనే మండుతాయి. కానీ పై మూకుడు మీద మాత్రం కొబ్బరి చిప్పల నిప్పే వేయాలి. రాతిబొగ్గులో గంధకం ఉంటుందని, కాల్చిన మట్టికి కంటికి కనపడని రంధ్రాలుంటాయని తర్వాత లైబ్రరీ పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. అమ్మకు ఆ పుస్తకం అవసరం కాలేదు. నాయనమ్మ అప్పటికే పోవడంతో, కాపురానికి వచ్చిన మొదటి ఏడు తెలియక మూకుడు మీద షెడ్డు బొగ్గు వేసిందట. రొట్టెంతా ఇంజను పొగ వాసన. ఆ ఏడు షెడ్డుకి కొబ్బరికాయతోనే సరిపెట్టి, ఆ రొట్టె నాన్న ఒక్కడే మూడు రోజులు తిన్నాడట. "మూడో రోజు కూడా బాగుందనే అన్నాడు మీ నాన్న" అని అమ్మ చెప్పి నవ్వేది. అప్పటినుంచి వాల్తేరు నుంచి వచ్చే గార్డులు కొబ్బరికాయలు తెస్తే, చిప్పలు పారేయకుండా ఏడాది పొడుగునా గోనెసంచిలో వేసి అటక మీద దాచేది.

అమ్మ నాకు పదకొండేళ్ళప్పుడు పోయింది. ఏడాది తిరక్కుండా మేనత్త సంబంధం చూసి నాన్నకు మళ్ళీ పెళ్ళి చేసింది. పిన్నికి పంతొమ్మిదేళ్ళు. తండ్రి లేడు. అన్న ఇంట్లో ఉండేది. సన్నగా, ఎప్పుడూ ఎవరో వెనక నుంచి పిలుస్తారేమోనన్నట్టు తలతిప్పి చూసుకుంటూ ఉండేది. నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ చీరలు ముట్టుకోలేదు. నా జడ వేయడానికి కూడా అడిగి వేసేది. ఒకరోజు నా నోటుపుస్తకం చూసి, నాకూ అక్షరాలు నేర్పుతావా అమ్మీ అంది. నీ వయసుకి ఇంక రావు అన్నాను. నిజమేనని ఒప్పుకుని గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

నాకు ఆమె మీద కోపం ఎందుకో చెప్పాలి. ఒక సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఉంటే, పిన్ని ఆ రోజు పాలు తెచ్చిన పక్క పల్లె లింగియాడీహ్ మనిషి ఛత్తీస్‌గఢీ మాటలు తనకు ఎలా వినపడ్డాయో అభినయించి చెప్పింది. నాన్న నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. అంతకంటే వేరే కారణం నాకు ఈ రోజుకీ దొరకలేదు.

ఆ ఏడు దసరాకు మేనత్త వచ్చింది. వచ్చిన రోజే పిన్ని చేసిన పప్పులో ఉప్పు లేదంది, చేసిన పక్క సరిగా లేదంది. నాన్న భోజనానికి కూర్చున్నప్పుడు, పిన్ని వడ్డిస్తూ ఉండగానే, ఆమె అక్కడ లేనట్టు మాట్లాడింది.

"సేతిలో పని నేదు, నోట్లో మాట నేదు. దీన్ని బొమ్మలకొలువులో పెట్టుకుందామని తెచ్చినావేట్రా తమ్ముడూ?"

ఆ సంబంధం తెచ్చింది ఆవిడేనని నాన్న గుర్తు చేయలేదు. అన్నం కలుపుకున్నాడు. మేనత్త అంతటితో ఆగలేదు. ఈసారి షెడ్డు రొట్టె ఇదే కాల్చాలంది. కుదిరితే సరే, కుదరకపోతే తనతోపాటు తీసుకెళ్ళి దీని అన్న గుమ్మంలో దించేస్తానంది. అక్కడ ఆరు నెలలుంటే పని నేర్చుకుని వస్తుందంది. ఆరు నెలలు అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. నాన్న మజ్జిగ పోయమన్నాడు.

మర్నాడు నేను పెరట్లో కూర్చుని చదువుకుంటూ ఉంటే పిన్ని వచ్చి నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

"అమ్మీ, మీ అమ్మ ఎలాగ సేసేదో నీకు తెలుసును కదా. నాకు సెప్పు. అక్కడికి ఎల్తే మా వొదిన నన్ను పసువుల సాలలో పడుకోమంటాది. ఇంతకుముందు అక్కడే పడుకునేదాన్ని."

తెలుసు అన్నాను. అమ్మ చెబుతూ ఉంటే నేను రాసుకున్నానని చెప్పి, నోటుపుస్తకం తెచ్చి ఒక పేజీ తెరిచాను. ఆ పేజీ నిండా నేను నిఘంటువు నుంచి ఎక్కించుకున్న మాటలే ఉన్నాయి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఉత్తరాలు చదివే గొంతుతో రొట్టె విధానం చదివాను. రవ్వ కొలత సరిగానే చెప్పాను. పాకం సరిగానే చెప్పాను. మోదుగాకు కూడా చెప్పాను. పై నిప్పు దగ్గరికి వచ్చేసరికి, "మూకుడు మీద షెడ్డు బొగ్గు బాగా ఎర్రగా కాల్చి నిండుగా పేర్చవలెను" అని చదివాను. ఆమె వేళ్ళు మడుచుకుంటూ ఒక్కో మాటా నాతోపాటు మెల్లగా అనుకుంది. రెండుసార్లు చదివించుకుంది. తర్వాత చెయ్యి నా తలమీద పెట్టి తీసేసింది.

అటకమీద గోనెసంచి ఇంకా అలాగే ఉంది. ఆమె దాన్ని ఎప్పుడైనా చూసి అడుగుతుందేమోనని, పండక్కి రెండు రోజుల ముందు స్నానాల నీళ్ళు కాయడానికి ఆ చిప్పలన్నీ వాడేశాను. ఏటవి అని ఆమె అడిగింది. చెత్త అన్నాను. ఒక్క చిప్ప కూడా మిగల్చలేదు. అవి చాలా చక్కగా మండాయి.

పండగ ముందు రోజు పిన్ని బియ్యం నానబెట్టి, ఆరబెట్టి, సాయంత్రానికి రవ్వ విసురుకుంది. తెల్లవారి తలస్నానం చేసి, తడిబట్టతో సిగిడీ ముందు కూర్చుంది. కింది నిప్పు సరిగా పెట్టింది. మూకుడు మీద బొగ్గు పేర్చింది. మేనత్త గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని చూస్తూ ఉంది. ఆవిడకూ పై నిప్పు సంగతి తెలియదు, ఎందుకంటే తాత ఇక్కడికి రాకముందే పుట్టి ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి, అక్కడ షెడ్డు బొగ్గే లేదు. అందరూ కట్టెలు, చిప్పలు తప్ప వేరే ఎరగరు. నేను పుస్తకం పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. గంటన్నరలో పిన్ని నావైపు నాలుగైదుసార్లు చూసింది. చూసినప్పుడల్లా నేను తల ఊపాను.

మూకుడు తీసేసరికి పైభాగం చూడడానికి అద్భుతంగా ఉంది, ఎర్రగా, సమంగా. సిగిడీ పొగ వంటిల్లంతా కమ్మి ఉండడంతో వాసన విడిగా ఎవరికీ తెలియలేదు. ఆ రొట్టె రుచి చూడడానికి వీల్లేదు, నైవేద్యం కదా. మేనత్త అటూ ఇటూ చూసి, రంగు వచ్చిందిలే అంది. పిన్ని ముఖం వెలిగిపోయింది. నాన్న రొట్టెను కొత్త తువ్వాలులో చుట్టుకుని షెడ్డుకి తీసుకెళ్ళాడు.

అక్కడ జరిగింది పక్క క్వార్టరు ఫైర్‌మన్ భార్య మాకు చెప్పింది. పూజయ్యాక రొట్టె కోసి అందరికీ పంచారట. మొదటి ముక్క కొరికిన పెద్ద డ్రైవరు నమిలి నమిలి పక్కకు తిరిగి ఉమ్మేశాడట. ఆ వెనక మిగిలినవాళ్ళూ ఉమ్మేశారు. ఆ డ్రైవరు చెయ్యి తుడుచుకుంటూ, "ఏట్రా, నీ కొత్త పెళ్ళాం దీన్ని మనకి వండినాదా, ఇంజనుకి వండినాదా? ఫైర్‌బాక్సులో వెయ్యి, రాయపూరు దాకా లాగుతాది" అన్నాడట. షెడ్డంతా నవ్వింది. ముప్పై మంది మగవాళ్ళు. వాళ్ళలో సగం మంది ఏటేటా మా అమ్మ చేతి రొట్టె తిన్నవాళ్ళు.

నాన్న మిగిలిన రొట్టె తువ్వాలులోనే తెచ్చాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. అమ్మ మొదటి రొట్టెను మూడు రోజులు తిన్న మనిషి ఏం చేస్తాడో చూడాలని ఉంది నాకు. అది నిజం. ఆ క్షణంలో ఆయన ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంటాడేమోనని భయపడ్డాను కూడా. ఆయన రొట్టెను తువ్వాలుతో సహా గోడ అవతల కుక్కలకు విసిరేశాడు. లోపలికి వచ్చి పిన్ని వైపు చూడకుండా అక్కతో అన్నాడు.

"రేపటి పాసింజరుకి సర్దు. ఇద్దరికీ."

పిన్ని ఏడవలేదు. ఏం తప్పు జరిగిందని అడిగింది. ఎవరూ చెప్పలేదు. మేనత్త మాత్రం ముక్కు మూసుకుని ఒకసారి చూపించింది. పిన్ని సాయంత్రం దాకా ఆ గిన్నె తోముతూనే ఉంది.

మర్నాడు మేనత్త జట్కా కోసం వాకిట్లో నిలబడ్డప్పుడు పిన్ని తన ట్రంకుపెట్టె మోసుకుని నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను.

"నువ్వు సదివినప్పుడు నీ కళ్ళు ఒక్కకాడే ఉన్నాయి అమ్మీ. అచ్చరాల మీద కదలనేదు," అంది. "నోటికొచ్చేసినాదేమో, సూడక్కరనేదేమో అనుకున్నాను."

అంతే. తప్పు ఎవరిదో ఆమె అడగలేదు. తెలిసే అడగలేదో, అప్పటికి ఇంకా తెలియలేదో నాకు అర్థం కాలేదు. ఆమె రాయపూరులో బండి మారి విజయనగరం వెళ్ళింది.

ఎనిమిది నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. నాన్న పేరు మీద, వంకరటింకర అక్షరాలతో. డబ్బిచ్చి రాయించుకునే ఉత్తరాలు నేను చాలా చదివాను. అది అలాంటిది కాదు. ఆమె చేత్తో రాసింది. అన్న కొడుకు బడికి వెళ్తే వాడి పలక పట్టుకుని నేర్చుకున్నానని మొదటి వాక్యంలోనే చెప్పుకుంది. మిగతాది ఇది:

"రొట్టె పై నిప్పు కొబ్బరి చిప్పలతో వెయ్యాలంట. ఇక్కడ ముసలమ్మ చెప్పినాది. రెండు గోనెలు చిప్పలు పోగు చేసినాను. ఈ దసరాకి నేనే కాలుస్తాను. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. అమ్మికి జడ వేసేవాళ్ళు ఉన్నారా. అమ్మి తప్పు ఏటీ నేదు. నాకే తెలీలేదు."

నాన్న డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కోకుండానే, మసి వేళ్ళతో ఉత్తరం నాకందించాడు. మంచం మీద నా పక్కనే కూర్చున్నాడు.

"ఏటి రాసిందే?"

ఈసారి కళ్ళు కదపడం మరచిపోలేదు. ఒక్కో వరుస మీదుగా కదుపుతూ, వేలు కూడా ఆనిస్తూ, "నేనిక్కడ బాగున్నాను, నా గురించి ఆలోచించవద్దు, అక్కడి గాలి నాకు పడదు, మళ్ళీ ఉత్తరం రాయను" అని చదివాను. వరుసలు ఎక్కువ, నేను చెప్పింది తక్కువ అయింది. అందుకని చివర అందరి క్షేమమూ కోరినట్టు కొంత కలిపాను. నాన్న మసి వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత, "అచ్ఛా," అన్నాడు. ఉత్తరం సిగిడీలో వెయ్యమన్నాడు. నేను నోటుపుస్తకంలో, ఆ మాటల పేజీ దగ్గరే పెట్టాను. ఇప్పుడూ అక్కడే ఉంది.

ఆ తర్వాతి దసరాకి మేనత్త ఒక్కతే వచ్చింది. కూడా ఒక గోనెసంచి తెచ్చింది. బండిలో దాన్ని మోసుకురావడానికి పడ్డ పాట్లన్నీ చెప్పి, ఆ తర్వాత సంగతి చెప్పింది. పిన్ని అన్నవాళ్ళ ఊళ్ళో వానల్లో కలరా వచ్చిందట. పిన్ని రెండు రోజుల్లో పోయిందట. ఇల్లు కడుగుతూ ఉంటే పశువుల సాల మూల ఈ సంచులు దొరికాయట. ఒకటి వాళ్ళ వదిన పొయ్యిలోకి వాడేసుకుంది, రెండోది ఇక్కడికి పంపించడానికే పోగేసిందని తెలిసి అన్న ఇచ్చి పంపాడట. నాన్న లేచి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆయన డ్యూటీ ఆ రోజు సాయంత్రానికి గాని లేదు.

ఆ ఏడు రొట్టె నేను కాల్చాను. ఆ చిప్పలతోనే. మూకుడు మీద నిప్పు నాలుగుసార్లు మార్చాను. సంచిలో ఇంకా మిగిలాయి. అవి మూడేళ్ళు వచ్చాయి. షెడ్డులో అందరూ నా రొట్టె మా అమ్మ రొట్టెలాగే ఉందన్నారట. పెద్ద డ్రైవరు రెండో ముక్క అడిగి తీసుకున్నాడట. ఇంట్లో ఉంచిన రెండో రొట్టెను మేనత్త తింటూ, "బాగా కుదిరింది గుంటా. ఆ పిల్ల ఏటి సేసినాదో గాని, చిప్పలు మాత్రం మంచివి ఏరినాది. ఇంకో ముక్క పెట్టు," అంది. పెట్టాను. నాన్న తన ముక్కను తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. తిన్నాడో గోడ అవతల పారేశాడో నేను చూడలేదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆ ఉత్తరం గురించి నన్ను ఎప్పుడూ అడగలేదు. నేను చెప్పనూ లేదు.

ఇలాంటి దాని కింద మనుషుల పేర్లు రాయడం వాళ్ళకు మర్యాద కాదు. పేర్లు లేకుండానే నమస్కారాలు చెప్పుకుంటాను. కిటికీలోంచి పుస్తకాలందించిన లైబ్రరీ అటెండరుకు. ఆయన ఇచ్చిన చదువును నేను దేనికి వాడానో తెలిస్తే ఆ కిటికీ మూసేసి ఉండేవాడు. షెడ్డులో అన్న మాటలు ఒక్కటీ తగ్గించకుండా చెప్పిన ఫైర్‌మన్ గారి భార్యకు. ఇప్పటికీ దసరాకు మోదుగాకులు తెచ్చే లింగియాడీహ్ పాలమనిషి మనవరాలికి. రెండు ముక్కలు రాయమని అడిగి, ఇంత రాసినా విసుక్కోకుండా తీసుకెళ్తామన్న కాలనీ ఆడవాళ్ళకు. రవ్వ, పాకం, ఆకు, కొలతలు మా అమ్మవి. పై నిప్పు గురించి నేను రాసిచ్చిన విధానంలో ఉన్న వాక్యం మాత్రం నాది కాదు, అమ్మదీ కాదు. అది మా పిన్ని ఉత్తరంలోది. ఆమె రాసినది రాసినట్టే, ఒక్క అక్షరం దిద్దకుండా ఎక్కించాను.